గ్రాములు తూచే గాలపు కర్ర

బరువు చూస్తే రెండు కోడిగుడ్లంత కూడా ఉండదు. ధర వింటే కళ్లు తిరుగుతాయి. మొదలు పట్టుకుని ఊపితే కొస తీగలా ఊగుతుంది. జపాన్ నుంచి వస్తున్న 'అల్ట్రాలైట్' గాలపు కర్ర కథ ఇది. ముచ్చటపడి కొని ఏళ్లతరబడి వాడుకుంటున్నవాళ్లున్నారు. మొదటి వారమే విరగ్గొట్టుకుని లబోదిబోమన్నవాళ్లూ ఉన్నారు. ఆ కర్ర మీద రాసి ఉండే నాలుగు అంకెలను చదవడం తెలిస్తే డబ్బూ దక్కుతుంది, చేపా బతుకుతుంది!

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి బేగంబజార్ వైపు నడిస్తే తగిలే టోకు బజారు. ఇక్కడ లెక్కలన్నీ బస్తాల్లో, క్వింటాళ్లలో. హమాలీల భుజాల మీద, తోపుడు బళ్ల మీద సరుకు కదులుతూనే ఉంటుంది. పక్కనే బేగంబజార్ చేపల మార్కెట్. మృగశిర కార్తె నాడైతే అక్కడ కాలు పెట్టే సందుండదు. అలాంటి చోట ఎవరైనా వెళ్లి 'అన్నా, గ్రాము బరువుండే ఎరను విసిరే కర్ర ఉందా?' అని అడిగితే ఎలా ఉంటుంది? గ్రాముల బేరమైతే బంగారం కొట్టుకు పొమ్మంటారు!

కానీ ఆ ప్రశ్నలో తప్పేం లేదు. జపాన్ అల్ట్రాలైట్ కర్ర గురించి అడగాల్సిన మొదటి ప్రశ్నే అది. ఎంత పొడవు, ఏ కంపెనీ, ఎంత ధర అన్నవన్నీ ఆ తర్వాతే. చిక్కేమిటంటే మనలో చాలామంది గాలపు కర్ర కొనేటప్పుడు 'ఎంత పెద్ద చేపనైనా లాగుతుందా?' అని అడుగుతారు. ఈ కర్రను తయారుచేసింది పెద్ద చేపను లాగడానికి కాదు. చిన్న ఎరను దూరంగా విసరడానికి, చిన్న చేప ముట్టుకున్నా చేతికి తెలియడానికి. ఆ తేడా తెలియక ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్లు, విదేశాల్లో ఉన్న బంధువుల సూట్‌కేసులో రప్పించుకున్నవాళ్లు దాన్ని తీసుకెళ్లి నేరుగా కొర్రమీను మీద ప్రయోగిస్తారు. గడ్డిపోచతో గేదెను కట్టేసినట్లే!

వెదురు నుంచి విమానం దాకా

గాలం మనకు కొత్తేం కాదు. వెదురు కర్ర, దారం, బెండు, ఒక ముల్లు, దానికో వానపాము... చెరువున్న ప్రతి ఊళ్లోనూ ఈ చదువు బడి కంటే ముందే మొదలయ్యేది. బ్రిటిష్‌వాళ్ల కాలంలో మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ అనే అధికారి 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం రాశాడు. 1887లో కేవలం చెరువుల్లో గాలం వేయడం గురించే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని మరొకటి రాశాడు. దక్షిణాది చెరువు ఆ రోజుల్లోనే ఓ పుస్తకానికి సరిపడా సరుకిచ్చిందన్నమాట.

జపాన్‌లోనూ మొదలు వెదురుతోనే. అక్కడి కొండవాగుల్లో 'ఆయు' అనే చేపను పట్టడానికి తొమ్మిది మీటర్ల దాకా పొడవుండే కర్రలు వాడతారు. అంత పొడవు కర్రను రోజంతా రెండు చేతుల్తో పట్టుకుని నిలబడాలంటే భుజాలు పడిపోతాయి. అందుకే బరువు తగ్గించడమన్నది అక్కడి తయారీదారులకు పట్టుదలగా మారింది. సరిగ్గా అప్పుడే కార్బన్ ఫైబర్ చేతికొచ్చింది. ఒసాకాలోని పరిశోధనాలయంలో అకియో షిండో అనే శాస్త్రవేత్త అక్రిలిక్ నూలు లాంటి పదార్థం నుంచి కార్బన్ పోగులు తీసే దారి చూపించాడు. 1971లో 'టోరే' కంపెనీ వాటిని వాణిజ్యపరంగా తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాదే, 1972లో, జపాన్ మార్కెట్లోకి కార్బన్ ఆయు కర్ర వచ్చేసింది. ఇప్పుడు ఆకాశంలో ఎగిరే బోయింగ్ 787 విమానానికి ఒళ్లంతా ఇలాంటి కార్బన్ పోగులే. అవే పోగులు చెరువు గట్టున చేతిలో కర్రగా ఊగుతున్నాయి.

బరువు తగ్గేకొద్దీ జపాన్‌వాళ్లు మరింత చిన్న చేపల వెంట పడ్డారు. సముద్రపు ఒడ్డున గోడల మీద నిలబడి జానెడు పొడవుండే 'అజి', రాళ్ల సందుల్లో తిరిగే 'మెబారు', చల్లని వాగుల్లో ట్రౌట్... వీటికోసం అర గ్రాము, గ్రాము బరువున్న ఎరలు పుట్టాయి. వాటిని విసరడానికి 50 నుంచి 100 గ్రాముల్లోపు బరువుండే కర్రలు పుట్టాయి. షిమానో, డైవా లాంటి పెద్ద కంపెనీల నుంచి చిన్నచిన్న తయారీదారుల దాకా ఇప్పుడు వందల రకాలున్నాయి. సకాయ్ నగరంలో 1921లో మొదలైన షిమానో సైకిల్ విడిభాగాలతో ఎదిగి, 1970లో చేపల సామగ్రిలోకి అడుగుపెట్టింది. గేర్ల సైకిల్ తొక్కే పిల్లలకు ఆ పేరు ముందే పరిచయం!

ఆ అంకెలేం చెబుతాయి?

కర్ర మీద పిడికి కాస్త పైన ఓ వరసలో చిన్న అక్షరాలుంటాయి. ఉదాహరణకు 'ఎస్60యూఎల్' అని, దాని పక్కన '0.8-4 గ్రా., 2-4 ఎల్‌బీ' అని రాసి ఉందనుకుందాం. మొదటి 'ఎస్' అంటే స్పిన్నింగ్ రీలు బిగించే కర్ర. రీలు కింద వేలాడుతుంది. 'సి' లేదా 'బి' అని ఉంటే రీలు పైన కూర్చునే రకం. అల్ట్రాలైట్‌లో కొత్తవాళ్లకు స్పిన్నింగే నయం. 60 అంటే 6 అడుగుల 0 అంగుళాలు, అంటే సుమారు 183 సెంటీమీటర్లు. 'యూఎల్' అంటే అల్ట్రాలైట్.

ఇక్కడో మెలిక ఉంది. '602' అని రాస్తే ఒక కంపెనీ లెక్కలో 6 అడుగుల 2 అంగుళాలు, ఇంకో కంపెనీ లెక్కలో 6 అడుగుల పొడవుండే రెండు ముక్కల కర్ర. అందుకే కోడ్ చూసి నిర్ణయానికి రాకుండా, వివరాల పట్టికలో మీటర్లలో ఇచ్చిన పొడవును, ఎన్ని ముక్కలో తెలిపే అంకెను విడిగా చూడాలి. మడిచినప్పటి పొడవు కూడా అందులోనే ఉంటుంది. స్కూటర్ మీద వెళ్లేవాళ్లకు, రైల్లో తీసుకెళ్లేవాళ్లకు నాలుగైదు ముక్కలుగా విడిపోయే కర్ర సౌకర్యం.

అన్నిటికంటే ముఖ్యమైనది గ్రాముల లెక్క. పిల్లలు ఆడుకునే ఉండేలు గుర్తుందా? మందం రబ్బరు కట్టిన ఉండేలులో చింతగింజ పెట్టి లాగితే సరిగ్గా పోదు. సన్న రబ్బరులో పెద్ద రాయి పెడితే రబ్బరే తెగుతుంది. కర్రా అంతే. ఎర బరువుకు అది వంగాలి. వంగినది మళ్లీ నిటారుగా లేచేటప్పుడు పుట్టే బలమే ఎరను విసురుతుంది. 0.8-4 గ్రాములని రాసిన కర్రతో 15 గ్రాముల కప్ప బొమ్మను విసిరితే కొస పుటుక్కుమనడం ఖాయం. అంచనా కోసం చెప్పాలంటే, మన రూపాయి బిళ్ల సుమారు 3 నుంచి 4 గ్రాములుంటుంది. అంటే ఈ కర్ర విసరగలిగే బరువు మహా అయితే ఒక్క రూపాయి!

బెండు కట్టి గాలం వేసేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. బెండు, సీసం గుండు, ముల్లు, ఎర... అన్నీ కలిపితేనే మొత్తం బరువు. గోధుమపిండి ముద్ద నిమ్మకాయంత పెడితే అదొక్కటే లెక్క దాటేస్తుంది. శనగగింజంత చాలు.

'ఎల్‌బీ' అంటే పౌండు. 4 పౌండ్ల దారం అంటే సుమారు 1.8 కిలోల లాగుడుకు తెగేది. జపాన్ దారాల మీద పౌండ్లతో పాటు 'గో' అనే అంకె కూడా ఉంటుంది. అది మందానికి కొలత. నైలాన్‌లో 1వ నంబరు దారం మందం 0.165 మిల్లీమీటర్లు. అల్లిక దారాల మీద 'పీఈ 0.3' లాంటి అంకెలుంటాయి. ఆ రకం ఇంకా సన్నం. కొత్తవాళ్లకు చిక్కులు పడితే విడదీయడం నరకం, చేతికి చుట్టుకుంటే వేలు కోసేస్తుంది. మొదటి ఆరు నెలలు మామూలు 4 పౌండ్ల నైలాన్ దారంతో గడిపేయడమే మేలు.

కొసలోనూ రెండు రకాలున్నాయి. లోపల డొల్లగా ఉండేది 'ట్యూబులర్', గట్టిగా నిండుగా ఉండేది 'సాలిడ్'. వినడానికి వింతగానే ఉంటుంది కానీ సాలిడ్ కొసే ఎక్కువ మెత్తగా వంగుతుంది. చేప ఎరను నోట్లో పెట్టుకున్నప్పుడు ఎదురు బిగువు తగలదు కాబట్టి వెంటనే ఉమ్మేయదు. డొల్ల కొస చురుగ్గా ఉంటుంది, నీటి అడుగున ఎర రాయికి తగిలినా చేతికి చెబుతుంది. బెండుతో, చిన్న స్పిన్నర్లతో అన్నిటికీ వాడుకోవాలంటే డొల్ల కొసే నప్పుతుంది.

ఏ చేపకు ఏ కర్ర?

మన నీళ్లలో ఈ కర్రకు పనుందా అంటే... ఉంది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఇప్పుడు చెరువుల్లో, కుంటల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మనవాళ్లు ముద్దుగా 'జిలేబి' అని పిలిచే ఈ చేపకు అల్ట్రాలైట్ సరిగ్గా అతుకుతుంది. పిండి ముద్దకు, రొట్టె ముక్కకు వస్తుంది. గూడు కాపలా కాసే సమయంలో రెండు గ్రాముల స్పిన్నర్ దగ్గరకొస్తే కోపంతో కరుస్తుంది. పరిగెల్లాంటి చిన్న చేపలకూ ఇదే కర్ర. పావు కిలో జిలేబి గాలానికి పడితే, మోటు కర్రతో బయటకు విసిరేసినట్లే ఉంటుంది. ఈ కర్రతో అయితే సగం విల్లులా వంగి, రీలు కిర్రుమంటుంది. పిల్లలు కేరింతలు కొడతారు. అల్ట్రాలైట్ ఇచ్చే ఆనందమంతా ఇదే.

సముద్రం దగ్గరున్నవాళ్లకు ఇంకా బాగా పనికొస్తుంది. విశాఖ తీరంలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం దగ్గర చిన్న పార చేపలు, కానాగంతల లాంటివాటికి ఈ కర్ర పుట్టింటి చుట్టమే. ఎందుకంటే జపాన్‌లో దాన్ని తయారుచేసిన అజి కూడా పార చేపల కుటుంబానిదే. కాకపోతే ఇంటికి రాగానే కర్రను, రీలును మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టాల్సిందే. ఉప్పు రింగుల చుట్టూ పేరుకుంటే తుప్పు తప్పదు.

మరి కొర్రమీను? తెలంగాణ రాష్ట్ర చేప. చేప ప్రసాదంలో మింగించే పిల్ల కూడా దీనిదే. హైదరాబాద్ చుట్టుపక్కల గాలం పట్టిన ప్రతివాడి కలా ఇదే. కానీ అది ఉండే చోటు చూడండి... గుర్రపుడెక్క, తామరాకులు, తుంగ. ఎర కరిచిన మరుక్షణం ఆ దుబ్బుల్లోకి దూరిపోతుంది. దాన్ని అక్కడి నుంచి బలంగా గుంజుకు రావాలి. నోరు గట్టి, ముల్లు దిగడానికీ బలం కావాలి. 30 పౌండ్లకు పైబడ్డ అల్లిక దారం, మీడియం హెవీ కర్ర ఉంటేనే అది సాధ్యం. 4 పౌండ్ల దారంతో దిగితే దారం తెగుతుంది. చేప తప్పించుకుందని మనం నిట్టూరుస్తాం. నిజానికి అది తప్పించుకోలేదు, నోట్లో ముల్లుతో, వెంట మీటర్ల కొద్దీ దారంతో వెళ్లింది. ఆ దారం నాచుకు చుట్టుకుంటే చేప పరిస్థితేంటో ఊహించుకోవచ్చు.

బొచ్చె, రోహు, వాలుగలదీ అదే లెక్క. తెరిపి నీళ్లలో, ఓపికగా అరగంట ఆడిస్తే పెద్ద చేప కూడా రావచ్చు. వీడియోల్లో చూపించే వీరత్వం ఇదే. కానీ ఎండాకాలం వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. అరగంట పెనుగులాడి అలసిపోయిన చేపను నీళ్లలో వదిలినా కోలుకోకపోవచ్చు. తినడానికి పట్టినా, వదలడానికి పట్టినా త్వరగా ఒడ్డుకు తేగల కర్రే మంచి కర్ర.

కొనేముందు తడిమి చూడండి

జపాన్ అల్ట్రాలైట్ కర్రలు కొన్ని వేల రూపాయల నుంచి యాభై వేలు దాటేదాకా ఉన్నాయి. ధర పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది, చేతికి తెలిసే సూక్ష్మత పెరుగుతుంది. దానితోపాటే పెళుసుదనమూ పెరుగుతుంది. '40 టన్ను కార్బన్' అని గొప్పగా రాసి ఉంటే అది మోసే బరువు కాదు, పోగుల బిగువుకు కొలత. బిగువు ఎక్కువైతే కర్ర సన్నగా, తేలిగ్గా చేయొచ్చు. కానీ దెబ్బ తగిలితే తట్టుకునే గుణం తగ్గుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు మధ్యరకమే క్షేమం.

పేరు జపాన్‌దైనంత మాత్రాన తయారీ జపాన్‌లోనే అనుకోనక్కర్లేదు. జపాన్ కంపెనీల కర్రలు చైనా, వియత్నాం లాంటి దేశాల్లోనూ తయారవుతున్నాయి. అది నాసిరకమని అర్థం కాదు. చూడాల్సింది పనితనం. ముక్కలు బిగించి కొస నుంచి మొదలు దాకా ఒక కన్ను మూసి చూడండి. రింగులన్నీ ఒకే వరసలో ఉండాలి. అతుకు దగ్గర కటకటమనకూడదు. రింగు లోపలి వలయంలో దూది తిప్పండి. పోగు తట్టుకుంటే లోపల పగులుందని గుర్తు. ఆ పగులు దారాన్ని రంపంలా కోస్తుంది. షిజువోకాకు చెందిన 'ఫుజి' కంపెనీ రింగులకు ప్రపంచమంతా పేరుంది. మంచి కర్రల వివరాల్లో ఆ పేరు తరచూ కనిపిస్తుంది.

గ్యారంటీ సంగతీ ముందే తేల్చుకోవాలి. జపాన్ మార్కెట్ కోసం తయారైన కర్రకు ఇచ్చే గ్యారంటీ కార్డు అక్కడే చెల్లుతుంది. ఇక్కడ కొస విరిగితే విడిముక్క తెప్పించుకోవడానికి కొరియర్, కస్టమ్స్ సుంకం కలిపి తడిసి మోపెడవుతుంది. ఇక్కడే అమ్మి, ఇక్కడే మరమ్మతుకు బాధ్యత తీసుకునే దుకాణం ఉంటే, నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే చవక.

కర్రతో పని అయిపోలేదు. దానికి తగ్గ రీలు 1000 లేదా 2000 సైజుది చాలు. 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటే కర్ర చేతిలో సమతూకంగా నిలుస్తుంది. ఇంట్లో ఉన్న పెద్ద రీలు బిగిస్తే తేలిక కర్ర కొన్న ప్రయోజనమే పోతుంది.

అర లీటరు సీసా పరీక్ష

రీలుకు 'డ్రాగ్' అని ఓ మర ఉంటుంది. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా జారవిడిచేది అదే. దాన్ని ఎంత బిగించాలి? దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా. 4 పౌండ్ల దారానికి అది 450 నుంచి 600 గ్రాములు. దీనికి కాంటా అక్కర్లేదు. అర లీటరు నీళ్ల సీసా నింపి దారం కొసకు కట్టండి. రీలును కర్ర నుంచి విడదీసి చేత్తో పట్టుకుని మెల్లగా పైకెత్తండి. సీసా నేల విడిచి, దారం నెమ్మదిగా జారితే బిగువు సరిపోయినట్లు. అసలు జారకపోతే వదులు చేయాలి. 2 పౌండ్ల దారమైతే పావు లీటరు సీసా.

1.8 కిలోలకు తెగే దారంతో అంతకంటే బరువైన చేప ఎలా వస్తుందని సందేహం రావచ్చు. నీళ్లలో ఉన్నంతసేపూ చేప బరువు నీరే మోస్తుంది. మనం లాగేది దాని పెనుగులాటను మాత్రమే. గాల్లోకి ఎత్తగానే మొత్తం బరువు దారం మీద, కర్ర మీద పడుతుంది. అందుకే అల్ట్రాలైట్‌తో పట్టిన చేపను కర్రతో ఎత్తకూడదు. చిన్న చేతివల కిందుగా పెట్టి తీయాలి. చేతివల లేకుండా ఈ కర్ర కొనడమంటే చెప్పుల్లేకుండా సాక్సు కొన్నట్లే.

విరిగేది ఇంట్లోనే!

గాలం వేసేవాళ్లను అడిగితే నవ్వుతూ ఒప్పుకునే నిజం ఒకటుంది. కర్రల్లో చాలావరకు చేప వల్ల విరగవు. ముక్కలు బిగించి హాల్లో ఊపి చూస్తుంటే తిరుగుతున్న ఫ్యాన్ తగులుతుంది. కారు తలుపులో కొస నలుగుతుంది. గట్టు మీద పడుకోబెడితే ఎవరో తొక్కుతారు. రాయికి చిన్నగా తగిలినప్పుడు పైకేం కనిపించదు, లోపల పోగు చిట్లుతుంది. వారం తర్వాత చిన్న చేపకే అక్కడ విరుగుతుంది. 'ఇంత ఖరీదు పెట్టి కొంటే పావు కిలో చేపకే విరిగింది' అని కంపెనీని తిట్టుకుంటాం.

నీటి దగ్గర జరిగే పొరపాట్లు రెండు. చేప దగ్గరికొచ్చాక ఉత్సాహంతో కర్రను తల వెనక్కి ఎత్తేయడం మొదటిది. అప్పుడు బరువంతా అగ్గిపుల్లంత కొస మీదే పడుతుంది. కర్ర, దారం కలిసి లంబకోణం దాటకుండా చూసుకుంటే బరువు మొదలు దాకా పంచుకుంటుంది. గాలం రాళ్లలోనో, నాచులోనో తట్టుకున్నప్పుడు కర్రను వంచి గుంజడం రెండోది. అలాంటప్పుడు కర్రను దారానికి సూటిగా చూపించి, చేతికి తువ్వాలు చుట్టి, దారాన్ని దానికి చుట్టుకుని మెల్లగా లాగాలి. పోతే పది రూపాయల ముల్లు పోతుంది, వేల రూపాయల కర్ర మిగులుతుంది.

తీగల కింద మాత్రం వద్దు

ఇది కర్ర ప్రాణం గురించి కాదు, మనిషి ప్రాణం గురించి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. వెదురు కర్ర అలవాటుతో ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. మన చెరువు కట్టల మీదుగా, పొలాల మోటార్లకు వెళ్లే కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో తెలిసిందే. హై టెన్షన్ తీగను తాకనక్కర్లేదు, కర్ర దగ్గరికెళితేనే కరెంటు దూకే ప్రమాదం ఉంది. ఆరడుగుల కర్ర చిన్నదే కదా అనుకోవచ్చు. చెయ్యెత్తి విసిరితే దాని కొస నేల నుంచి దాదాపు నాలుగు మీటర్ల ఎత్తుకు వెళుతుంది. ఒకదానిలోంచి ఒకటి బయటికొచ్చే పొడవాటి కార్బన్ కర్రలైతే మరీ ప్రమాదం. బ్రిటన్‌లో కరెంటు తీగలకు 30 మీటర్ల లోపు గాలం వేయొద్దని చెబుతారు. మనమూ అదే పాటించడం మంచిది. ఉరుము వినిపిస్తే కర్రను కింద పెట్టి అక్కడి నుంచి వచ్చేయాలి. తీగల కింద నుంచి నడిచేటప్పుడు ముక్కలు విడదీసి పట్టుకోవాలి.

పిల్లల్ని తీసుకెళితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. చెరువు తూముల దగ్గర, జారుడు రాళ్ల మీద నిలబడనివ్వకూడదు. విసిరేటప్పుడు వెనక ఎవరున్నారో చూసుకోవాలి. రెండు గ్రాముల ఎరకైనా ముల్లు ముల్లే. కళ్లకు అద్దాలు పెట్టుకోవడం అందుకే.

చేప ఎవరిది?

ఉస్మాన్‌గంజ్ నుంచి మూసీ నడిచి వెళ్లేంత దూరం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద ఈ చుట్టుపక్కల ప్రాంతాలను ఊడ్చేసింది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టించారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. నగరంలో గాలం పట్టినవాళ్ల చూపంతా ఇప్పుడు ఆ పక్కకే. నగరం మధ్యలో మూసీ మురుగు పారే చోట చేప పడినా తినడానికి పనికిరాదు మరి. కానీ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు. ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు అన్నది అధికారుల్ని అడిగి తెలుసుకోవాలి. వానాకాలం గేట్లు ఎత్తితే దిగువన నీరు చూస్తుండగానే పెరుగుతుంది. సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యం లాంటి చోట్ల గాలం వేయడం చట్టరీత్యా చిక్కే కాదు, అక్కడ మొసళ్లూ ఉన్నాయి!

ఊరి చెరువుల సంగతి వేరు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో చేపపిల్లల్ని వదులుతోంది కూడా ఆ సంఘాల బతుకుతెరువు కోసమే. మనకు ఆదివారం సరదా, వాళ్లకు ఏడాది పంట. చెప్పకుండా గాలం వేస్తే చేలో పడి కంకులు కోసుకున్నట్లే. వెళ్లి అడిగితే చాలాసార్లు కాదనరు. పైగా ఏ మూల జిలేబి ఎక్కువో, ఎక్కడ లోతుందో వాళ్లే చెబుతారు. ఆ మాట ఏ జపాన్ కేటలాగులోనూ దొరకదు.

వానలు పడ్డాక చెరువు అంచుల్లో ఎర్రెర్రగా, గుంపుగా కదిలే చేపపిల్లలు కనిపిస్తాయి. అవి కొర్రమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. పిల్లల దగ్గర ఎర పడగానే పెద్ద చేప ఎగబడి కరుస్తుంది. అంత సులువుగా పడుతుంది కనుకే అక్కడ గాలం వేయకూడదు. కాపలా పోతే ఆ గుంపు మొత్తాన్ని మిగతా చేపలు, పక్షులు తినేస్తాయి. ఒక్క చేప కోసం వందల చేపల్ని పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

జపాన్‌లో డబ్బు కట్టి గాలం వేసుకునే ట్రౌట్ చెరువులుంటాయి. వాటిలో చాలాచోట్ల కొక్కెం పన్ను లేని ఒంటి ముల్లే వాడాలని నియమం. ముల్లు తేలిగ్గా ఊడొస్తుంది, వదిలిన చేప బతుకుతుంది. ఈ పద్ధతికి ఖర్చేం లేదు. ముల్లుకున్న చిన్న పన్నును పట్టకారుతో నొక్కేస్తే సరి. పిల్లాడి వేలికి గుచ్చుకున్నా సులువుగా తీసేయొచ్చు. వదలదలచుకున్న చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి. తెగిన దారాన్ని గట్టున పారేయకుండా జేబులో వేసుకోవాలి. కొంగ కాలికి చుట్టుకుంటే దానికి విప్పేవాళ్లుండరు.

ముందు ఏది?

ఇంట్లో పిల్లాడు జపాన్ కర్ర కావాలని పేచీ పెడుతుంటే వెంటనే ఆర్డరు పెట్టేయనక్కర్లేదు. ముందు ఓ సన్న వెదురు కర్ర, పది మీటర్ల దారం, ఓ బెండు చేతికివ్వండి. నాలుగు ఆదివారాలు చెరువు గట్టున కూర్చోగలిగితే, బెండు మునగకపోయినా విసుక్కోకపోతే, అప్పుడు కర్ర గురించి ఆలోచించవచ్చు. అప్పటికి ఏ చేప పట్టాలో, ఎంత బరువు ఎర కావాలో వాడికే తెలుస్తుంది. మధ్యరకం ఆరడుగుల యూఎల్ కర్ర, 2000 సైజు రీలు, 4 పౌండ్ల నైలాన్ దారం, చిన్న చేతివల, ఓ పట్టకారు... మొదటి సంచిలో ఇవి చాలు. కొర్రమీను మోజు తీరాలంటే దానికి వేరే కర్ర కొనుక్కోవాలి, దీన్ని దుబ్బుల్లోకి తోయకూడదు.

ఆరు దాటాక గట్టు మీద గాలి చల్లబడుతుంది. జిలేబి ముట్టే వేళ. కొసలో చిన్న వణుకు... అంతే. అది చేతికి తెలిస్తే కర్ర సరైనదే. ఎంత పెట్టి కొన్నారన్నది చేప ఎలాగూ అడగదు!